చేతిలో తాళంచెవి: ఎనిమిది మిల్లీమీటర్ల గొడవ

1వ రోజు

కారు తాళంచెవి కారులోనే ఉండిపోవడం ఇది రెండోసారి. రిమోట్‌తో లాక్ తీశాను, డిక్కీ ఒక్కటే ఎత్తాను, సామాను సర్దుతూ తాళంచెవి పక్కన పెట్టి డిక్కీ మూసేశాను. తలుపులేవీ తెరవలేదు కాబట్టి అర నిమిషానికి కారు తనంతట తనే లాక్ వేసుకుంది. ఆ 'టక్' వినగానే కడుపులో ఏదో జారినట్టయింది. బావ రెండో తాళంచెవి పట్టుకొచ్చేదాకా కారు పక్కన కాపలా కాశాను.

"తాళం వేసితిని గొళ్ళెం మరిచితిని అన్నట్టుందిరా నీ పని" అంది అక్క. ఎప్పటికీ మర్చిపోలేని చోట తాళంచెవి పెట్టుకోవాలంటే ఇక మిగిలింది ఒంట్లోనే. బియ్యపు గింజకంటే కాస్త పెద్దదైన గాజు గొట్టంలో ఎన్ఎఫ్‌సీ చిప్ (దగ్గరికి తెస్తే తీగ లేకుండానే చదవగలిగేది) పెట్టి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చర్మం కింద వేయించుకునేవాళ్ళు ఎప్పట్నుంచో ఉన్నారు. నేనూ వేయించుకుని, దాంతో కారు తలుపు తీయాలి. అదీ ప్రాజెక్టు.

మొదట్లోనే ఒక గీత గీసుకున్నాను: తలుపులు మాత్రమే, ఇంజన్ జోలికి వెళ్ళను. తలుపు లాక్ వేరు, ఇమ్మొబిలైజర్ వేరు. తాళంచెవి తలలో ఇంకో చిన్న చిప్ ఉంటుంది, చాలా కార్లలో అది 125 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట దాన్ని పలకరించి, సరైన జవాబు వస్తేనే ఇంజన్ ఆన్ కానిస్తుంది. దాన్ని ఏమార్చడమంటే కారు దొంగలకి నేనే దారి చూపించడం. పైగా నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోతే నా సోల్డరింగ్‌ని తిట్టుకుంటూ కూర్చోవాలి.

"అయితే తాళంచెవి ఎలాగూ ఉండాలిగా?" అంది అక్క.

ఉండాలి. కానీ అది లోపల ఉండిపోయినా నేను బయట ఉండిపోను.

4వ రోజు

ఏ చిప్? ఎక్కువమంది మొదట వేయించుకునేది ఎన్‌టాగ్ 216 రకం. 888 బైట్ల మెమరీ, 13.56 మెగాహెర్ట్జ్, ఎన్ఎఫ్‌సీ ఉన్న ఏ ఫోనైనా చదువుతుంది. చిప్‌ను చదివే రీడర్ తయారు చేసేవాళ్ళు చాలామంది దాని 7 బైట్ల సీరియల్ నంబర్‌ని చదివి, తమ దగ్గరున్న నంబర్‌తో సరిపోతే తలుపు తీసేస్తారు. కోడ్ పది లైన్లు కూడా ఉండదు.

అందులో ఉన్న చిక్కేమిటో నా కళ్ళతో చూడాలనిపించింది. ఎన్‌టాగ్ స్టిక్కర్ ఒకటి, నంబర్ మార్చుకోవడానికి వీలున్న ఖాళీ కార్డు ఒకటి తీసుకున్నాను. స్టిక్కర్ నంబర్ చదివి కార్డులోకి ఎక్కించడానికి నిమిషం కూడా పట్టలేదు. బ్రెడ్‌బోర్డు మీద ఉన్న రీడర్‌కి రెండిటికీ తేడా తెలియలేదు, రెండిటికీ పచ్చ లైటు వెలిగించింది. సీరియల్ నంబర్ అంటే పేరు లాంటిది, అడిగినవాళ్ళందరికీ చెప్పేది. పేరు చెప్పినవాళ్ళందరికీ తలుపు తీస్తే ఎలా?

అందుకని డెస్‌ఫైర్ ఈవీ2 రకానికి వెళ్ళాను. ఇందులో ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి కావలసిన 128 బిట్ల రహస్య కీ ఉంటుంది, అది ఎప్పుడూ గాలిలోకి రాదు. రీడర్ ఒక యాదృచ్ఛిక సంఖ్య ఇస్తుంది, చిప్ ఇంకొకటి ఇస్తుంది, ఒకరి సంఖ్యను ఒకరు ఎన్‌క్రిప్ట్ చేసి, తమకి కీ తెలుసని ఇద్దరూ నిరూపించుకుంటారు. మధ్యలో ఎవరైనా విన్నా మళ్ళీ వాడుకోవడానికి పనికిరాదు, ఎందుకంటే మరుసటిసారి సంఖ్యలు వేరు.

ఈ నిర్ణయానికి ఎంత మూల్యం ఉందో ఈ రోజు నాకు తెలియదు. 30వ రోజు దగ్గర చూడండి.

9వ రోజు

అచ్చం అదే చిప్ ఉన్న మామూలు కార్డు మీద ప్రాక్టీసు. కీ మార్చడం, మార్చిన కీతో మళ్ళీ లోపలికి వెళ్ళడం. ఒక కార్డును చేజేతులా పాడుచేశాను: మాస్టర్ కీ మార్చేటప్పుడు కోడ్‌లో బైట్ల వరస తప్పింది. చిప్‌లో పడిన కీ ఏమిటో నాకు తెలియదు, చిప్ చెప్పదు. కార్డు కాబట్టి చెత్తబుట్టలో పడేశాను. అదే చేతిలో ఉండుంటే? చల్లటి చెమట పట్టింది.

ఎన్‌టాగ్ వాళ్ళకీ ఇలాంటి గొయ్యే ఒకటుంది. కొన్ని ఫోన్ యాప్‌లలో 'రీడ్ ఓన్లీ' అనే బటన్ ఉంటుంది. పొరపాటున నొక్కితే లాక్ బిట్లు ఒకసారి 1 అయ్యాక మళ్ళీ 0 కావు. చిప్ బతికే ఉంటుంది కానీ అందులో రాసింది జన్మలో మార్చలేం.

14వ రోజు

ఈ రోజే వేయించుకున్నాను. శరీరంలో ఇలాంటివి అమర్చడంలో చేయి తిరిగిన ప్రొఫెషనల్ దగ్గరే. సొంతంగా గుచ్చుకునేవాళ్ళ వీడియోలు చాలా ఉన్నాయి, చూసి నవ్వుకోండి, చేయకండి. గొట్టం 2 మిల్లీమీటర్ల లావు, 12 మిల్లీమీటర్ల పొడవు. అది సూదిలోంచి దూరాలి కాబట్టి సూది అంతకంటే లావు. ఇంజెక్షన్ అనుకుని వెళ్తే చూసిన క్షణంలో కాళ్ళు వెనక్కి లాగుతాయి.

ఎడమ చెయ్యి ఇచ్చాను, పనిముట్లు పట్టుకునేది కుడిచెయ్యి కాబట్టి. చర్మాన్ని గుడారంలా పైకి లాగి పట్టుకున్నారు. "ఊపిరి తీసుకోండి... ఇప్పుడు వదలండి." వదిలేలోపే అయిపోయింది. సూది నొప్పికంటే, చర్మం కింద ఏదో తోసుకుంటూ వెళ్తున్న ఒత్తిడి విచిత్రంగా అనిపించింది. రెండు చుక్కల రక్తం, ఒక ప్లాస్టర్.

పెంపుడు జంతువులకి వేసే చిప్‌ల మీద తరచుగా పారిలీన్ అనే పూత ఉంటుంది, కణజాలం దానికి అతుక్కుని చిప్ జరగకుండా ఉండేందుకు. మనుషులకని చేసే వాటికి సాధారణంగా ఆ పూత వేయరు, కావాలనుకుంటే చిన్న గాటుతో తీసేయగలగాలి కదా. వేయించుకునే ముందు నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.

ఇంటికి రాగానే అక్క చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ప్రపంచంలో ఇంకెవరైనా చేశారా, లేక నువ్వేనా మొదటివాడివి?" 1998లో కెవిన్ వార్విక్ అనే ప్రొఫెసర్ ఇంగ్లండ్‌లోని రెడింగ్ యూనివర్సిటీలో చేతిలో చిప్ పెట్టించుకుని తలుపులు, లైట్లు నడిపాడని చెప్పాను. 2005లో అమెరికాలో అమల్ గ్రాఫ్‌స్ట్రా చేతిలో వేయించుకుని తలుపు తాళానికి వాడాడనీ, 2019లో ఒకావిడ టెస్లా కారు కార్డును ఎసిటోన్‌లో కరిగించి, లోపలి చిప్‌ను తీసి మోచేతి కింద పెట్టించుకుందనీ చెప్పాను. అక్క అంతా విని "అంటే నీలాంటివాళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయింది.

15 నుంచి 22వ రోజు వరకు

ఏమీ చేయలేదు. చేయకూడదు. మొదటి రెండు రోజులు వాపు, తర్వాత కమిలిన పసుపు మచ్చ, తర్వాత దురద. 17వ రోజు ఆగలేక ఫోన్ దగ్గర పెట్టాను, చదవలేదు. ఆ రాత్రంతా గాజు పగిలిందేమోనని టెన్షన్. వాపు వల్ల చిప్ చర్మం పైపొరకి ఇంకొంచెం దూరంగా ఉందంతే. 21వ రోజు మొదటిసారి ఫోన్ 'టింగ్' మంది.

డాక్టరు దగ్గర ఎప్పుడైనా ఎమ్మారై అవసరం వస్తే ఈ చిప్ సంగతి ముందే చెప్పాలని ఫోన్‌లో మెడికల్ నోట్ రాసి పెట్టుకున్నాను.

23వ రోజు

మాస్టర్ కీ మార్చాను. మూడుసార్లు కార్డు మీద, నాలుగోసారి నా మీద. చేతిని టేబుల్‌కి టేప్‌తో అంటించుకున్నాను, మధ్యలో కదిలి సిగ్నల్ తెగితే అంతే సంగతులు. ఒక చేత్తో ఎంటర్ నొక్కి ఊపిరి బిగబట్టాను. పచ్చ లైటు. టేప్ పీకేటప్పుడు వచ్చిన నొప్పి సూది నొప్పికంటే ఎక్కువ.

26వ రోజు

అసలు పని మొదలైంది. పీఎన్ 532 రీడర్ మాడ్యూల్, కోడ్ నడిపే చిన్న మైక్రోకంట్రోలర్, కరెంటుతో పనిచేసే స్విచ్ లాంటి ఒక రిలే. దూరం కొలవడానికి మైక్రోస్కోప్ స్లైడ్లు తెచ్చుకున్నాను. ఒక్కోటి సుమారు 1 మిల్లీమీటరు మందం, పైగా గాజే. రీడర్ మీద స్లైడ్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, పైన చెయ్యి పెట్టి, ఎన్ని స్లైడ్ల దాకా చదువుతుందో రాసుకోవడం.

కార్డు పెడితే 30 స్లైడ్లున్నా లెక్కచేయలేదు. నా చెయ్యి పెడితే సున్నా. రీడర్‌కి నేరుగా చర్మం ఆనించినా అటూ ఇటూ వెతుక్కోవాల్సి వచ్చింది.

ఎందుకో తెలిశాక గానీ ముందుకు కదల్లేదు. చిప్‌కి బ్యాటరీ ఉండదు. రీడర్ తీగచుట్టలోంచి వచ్చే అయస్కాంత క్షేత్రమే దానికి కరెంటు, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకి పాకినట్టు. కార్డులో చుట్ట కార్డంత వెడల్పు ఉంటుంది. నా చేతిలోది పొట్టి పెన్సిల్ ముక్కకి సన్న తీగ చుట్టినట్టుంటుంది, లోపల అయస్కాంత క్షేత్రాన్ని లాక్కునే ఫెర్రైట్ కడ్డీ. క్షేత్రం ఆ పెన్సిల్ పొడవునా దూరితేనే దానికి కరెంటు పుడుతుంది. రీడర్ బోర్డు మధ్యలో క్షేత్రం నిలువుగా పైకి లేస్తుంది, నా చిప్ మాత్రం అడ్డంగా పడుకుని ఉంటుంది. అందుకే సున్నా. అదే బోర్డు అంచు దగ్గర, తీగల మీదుగా క్షేత్రం వంగి కిందకి దిగుతుంది, అక్కడ అది బోర్డుకి సమాంతరం. చిప్‌ను ఆ అంచు తీగలకి అడ్డంగా, కూడలిలా పెట్టాను.

నాలుగు స్లైడ్లు!

30వ రోజు

సంబరం నాలుగు రోజులే. ఆ నాలుగు స్లైడ్లూ సీరియల్ నంబర్ చదవడానికే. ఏఈఎస్ పరీక్ష మొదలుపెట్టగానే రెండు స్లైడ్లకి పడిపోయింది. పేరు చెప్పడానికి కావలసిన శక్తి వేరు, లెక్క చేయడానికి కావలసిన శక్తి వేరు. చిప్‌లోని ఎన్‌క్రిప్షన్ భాగం పనిలోకి దిగగానే ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, చిప్ మధ్యలోనే రీసెట్ అవుతుంది. రీడర్ లాగ్‌లో వరసగా: నంబర్ సరే, నంబర్ సరే, జవాబు లేదు, జవాబు లేదు.

కారు లెక్క ఇదీ. రీడర్ పెట్టదలచుకున్నది వెనక తలుపు దాటాక ఉండే చిన్న కదలని అద్దం వెనకాల. తలుపు అద్దాలు కిందకి దిగుతాయి కాబట్టి వాటికి ఏదీ అంటించలేం, రేకు వెనకాల పెడితే సిగ్నలే బయటికి రాదు. ఆ అద్దం మందం 4 మిల్లీమీటర్లు. రీడర్ పెట్టె మూత 1. అద్దానికీ పెట్టెకీ మధ్య అంటించే టేపు 1. చెయ్యి కచ్చితంగా ఆనదు కాబట్టి ఇంకో 2 వదులు. మొత్తం 8 స్లైడ్లు. నా దగ్గర ఉన్నవి 2.

భద్రత తగ్గించుకుని సీరియల్ నంబర్‌తో సరిపెట్టుకుందామా అని ఒక సాయంత్రమంతా ఆలోచించాను. నిజం చెప్పాలంటే కోడ్ కూడా రాశాను. 4వ రోజు నకిలీ కార్డు ఇంకా టేబుల్ మీదే ఉంది, దాన్ని చూసి ఆ కోడ్ తీసేశాను.

31 నుంచి 38వ రోజు వరకు

సొంత యాంటెన్నా. మాడ్యూల్ మీద ఉన్న చుట్ట నా చిప్‌కి మరీ పెద్దది, క్షేత్రమంతా ఖాళీ స్థలంలో వృథా. 25 మిల్లీమీటర్లకి 15 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రంగా 6 చుట్లు చుట్టాను, సుమారు 1.2 మైక్రోహెన్రీలు వచ్చింది. 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర అది మోగాలంటే దాదాపు 115 పికోఫారడ్ల కెపాసిటర్ కావాలి. లెక్క కాగితం మీద చక్కగా ఉంటుంది. బల్ల మీద మాత్రం చెయ్యి దగ్గరికి తెస్తే చాలు ట్యూనింగ్ ఒక వైపు జరిగిపోతుంది, పక్కన స్క్రూడ్రైవర్ ఉంటే ఇంకో వైపు జరుగుతుంది. యాంటెన్నాను కొలిచే నానోవీఎన్ఏ పరికరం తెర మీద, అది మోగే చోటు చూపించే లోయ 13.1కీ 14.2కీ మధ్య ఊగుతుంటే, వీణ శ్రుతి చేసేవాళ్ళ ఓపిక నాకెందుకు లేదా అనిపించింది.

35వ రోజు ఏడు స్లైడ్లు, ఏఈఎస్‌తో సహా. 38వ రోజు తొమ్మిది. ఆ తొమ్మిదోది పదిసార్లలో ఏడుసార్లే. ఎనిమిది మాత్రం పదికి పది.

39వ రోజు

బావతో కలిసి కారు లోపలి ప్యానెళ్ళు విప్పాం. వైరింగ్ విషయంలో బావ మాటే వేదం. "పసుపు గొట్టంలో ఉన్న వైర్ల జోలికి వెళ్ళకు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి" అని మొదటి మాటే చెప్పాడు. బ్యాటరీ నెగటివ్ తీసి, కాసేపు ఆగి, అప్పుడే పని మొదలుపెట్టాం.

ఈ కారు సెంట్రల్ లాకింగ్ నెగటివ్ ట్రిగ్గర్ రకం: లాక్ వైరును ఒక అర సెకను గ్రౌండ్‌కి తాకిస్తే లాక్, అన్‌లాక్ వైరును తాకిస్తే అన్‌లాక్. మల్టీమీటర్‌తో వెతికి రెండు వైర్లు పట్టుకున్నాం. మోటార్ల భారీ కరెంటు నా రిలేల మీదుగా వెళ్ళదు, సంకేతం మాత్రమే. పవర్ తీసుకున్న చోటే 1 ఆంపియర్ ఫ్యూజు వేశాం, ఆ వైరు ఎక్కడైనా నలిగి షార్టయితే కారు తగలబడకుండా ముందు ఫ్యూజు పోవాలి. వోల్టేజీ దూకుళ్ళకి ఒక టీవీఎస్ డయోడ్.

అద్దం దగ్గర పెట్టి చూస్తే మళ్ళీ సున్నా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండు కారణాలు. ఒకటి, అద్దం చుట్టూ ఉన్న రేకు: దానిలో పుట్టే సుడి కరెంట్లు క్షేత్రాన్ని తినేస్తాయి, ట్యూనింగ్‌నీ లాగేస్తాయి. యాంటెన్నా వెనక ఫెర్రైట్ షీటు అంటించి, అక్కడే మళ్ళీ ట్యూన్ చేశాను. రెండోది, ఆ అద్దానికి పాత యజమాని వేయించిన ఎండ ఫిల్మ్, లోహపు పొర ఉన్న రకం. బావ గోరుతో గీరి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఊడదీశాడు.

చీకటి పడ్డాక చెయ్యి ఆనించాను. నాలుగు తలుపులూ ఒకేసారి 'టక్'. మొదటి రోజు కడుపులో జారిన శబ్దమే. బావ ఏమీ అనకుండా ఇంకోసారి పెట్టమన్నాడు. తర్వాత ఇంకోసారి.

41వ రోజు

కరెంటు వాడకం కొలిచాను. 118 మిల్లీ ఆంప్స్, కారు ఆపి ఉన్నా, రాత్రీ పగలూ. రోజుకి 2.8 ఆంపియర్ అవర్లు. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఎనిమిది రోజులు కదలకపోతే సగం ఖాళీ. నిద్రలో ఉన్న కారు 50 మిల్లీ ఆంప్స్‌లోపే తాగాలని మెకానిక్‌లు సాధారణంగా పెట్టుకునే లెక్క.

రీడర్ నిరంతరం క్షేత్రం వెదజల్లుతూ ఉండటమే తప్పు. అద్దం వెనక చిన్న రాగి బిళ్ళ అంటించి టచ్ సెన్సర్ చిప్‌కి కలిపాను. చెయ్యి ఆనితే అది మైక్రోకంట్రోలర్‌ని నిద్ర లేపుతుంది, అది రీడర్‌కి పవర్ ఇస్తుంది, పని కాగానే అందరూ మళ్ళీ నిద్ర. బోర్డు మీద ఊరికే వెలుగుతున్న ఎర్ర లైటు కూడా పీకేశాను. ఇప్పుడు 0.3 మిల్లీ ఆంప్స్. ఏడాదంతా కలిపినా 3 ఆంపియర్ అవర్లు కాదు.

47వ రోజు

ఎండ దెబ్బ. పెట్టెను పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేశాను. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుందని తెలుసు, మూసిన కారు ఎండలో అంత వేడెక్కుతుందనీ తెలుసు. రెండూ కలిపి ఆలోచించలేదు. పెట్టె అప్పడంలా వంగి, యాంటెన్నా అద్దం నుంచి 3 మిల్లీమీటర్లు వెనక్కి వెళ్ళింది. నా ఎనిమిదిలో మూడు! వేడికి ఇంకా తట్టుకునే ఏఎస్ఏ ప్లాస్టిక్‌తో మళ్ళీ ప్రింట్.

52వ రోజు

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. చేతిని రెండు సెకన్లు అలాగే ఉంచితే లాక్ పడేలా పెట్టుకున్నాను. తాళంచెవి సీటు మీద ఉండగా, పరీక్షకని చేత్తో లాక్ వేశాను. పడింది. తీయడానికి చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. పది నిమిషాలు అద్దానికి చెయ్యి రుద్దాను. దారిన పోయేవాళ్ళు నేను కారుని బుజ్జగిస్తున్నాననుకుని ఉంటారు.

బావకి ఫోన్ చేశాను. రెండో తాళంచెవితో వచ్చాడు. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

తప్పు రీడర్‌కీ మైక్రోకంట్రోలర్‌కీ మధ్య మాటలు నడిపే ఐ2సీ అనే లైన్లో. రీడర్ మధ్యలో లైన్‌ను కిందకి పట్టుకుని వదలకపోతే, నా కోడ్ దాని కోసం కల్పాంతం దాకా ఎదురుచూస్తుంది. ఎస్పీఐ అనే ఇంకో రకం లైన్‌కి మార్చాను, వాచ్‌డాగ్ టైమర్ పెట్టాను. ఎక్కడ ఇరుక్కున్నా 8 సెకన్లలో అదే రీసెట్ అయి మళ్ళీ మొదలవుతుంది. మొదటి రోజే పెట్టాల్సిన రెండు లైన్లు.

58వ రోజు

రాత్రి వాన. పొద్దున లాగ్ చూస్తే సెన్సర్ 412 సార్లు లేచింది. అద్దం మీద జారే నీళ్ళని చెయ్యి అనుకుంది పాపం. నిమిషంలో ఐదుసార్లు లేచి చిప్ కనిపించకపోతే అర నిమిషం మొండిగా పడుకోమని రాశాను. వానలో ఒక్కోసారి అర నిమిషం తడవాలి. ఒప్పందమే.

61వ రోజు

బావకి ఒక డెస్‌ఫైర్ కార్డు ఇచ్చాను, దానికి వేరే కీ. కార్డు పోతే దాని కీ ఒక్కదాన్నే రద్దు చేసేయొచ్చు. "నాకిది చాలు, నా చెయ్యి నాకు కావాలి" అన్నాడు.

చెయ్యి పెట్టే తీరు ఇప్పుడు అలవాటైంది. పిడికిలి బిగించి, తలుపు తట్టబోతున్నట్టుగా పెట్టి, బొటనవేలి వైపు అద్దానికి ఆనించాలి. అద్దం మీద మార్కర్‌తో చిన్న గీత పెట్టుకున్నాను, చిప్ ఆ గీతకి అడ్డంగా రావాలి. అరచెయ్యి పరిచి పెడితే జన్మలో చదవదు.

66వ రోజు

డిక్కీలో సామాను సర్దాను. మూశాను. అర నిమిషానికి 'టక్'. తాళంచెవి జేబులో లేదు.

రెండు చేతుల్లోనూ సంచులు. ఎడమ చేతి సంచి మోచేతికి ఎక్కించుకుని, వంగి, పిడికిలి అద్దానికి ఆనించాను. రాలేదు. గీతకి ఏటవాలుగా పెట్టాను. రాలేదు. సంచి కింద పెట్టి, సరిగ్గా అడ్డంగా ఆనించాను.

తెరుచుకుంది.